మృగశిర ధర కోసం ఆగితే.. మే నెలలోనే కుంట ఖాళీ!

పెరటి కుంటల్లో చేపల ఎంపిక, పోషణలో పాటించాల్సిన మెలకువలు

యాదగిరిగుట్ట: మృగశిర కార్తె ప్రవేశించే రోజున చేపల కూర వండని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. ఏటా జూన్ 7 లేదా 8 తేదీల్లో వచ్చే ఆ ఒక్కరోజు కోసం రెండు మూడు రోజుల ముందు నుంచే చేపల ధర పైకి ఎగబాకుతుంది. పెరట్లోనో, పొలం గట్టునో చిన్న కుంట తవ్వుకుని చేపలు పెంచుతున్న వారి చూపు సహజంగానే ఆ తేదీపైన ఉంటుంది. చిక్కల్లా ఒకటే. ధర ఎక్కువగా పలికేది జూన్ మొదటి వారంలో. కుంటలో నీరు అత్యల్పంగా మిగిలేది మే చివరి వారంలో. ఈ రెంటి నడుమ ఉన్న పది పదిహేను రోజుల్లోనే ఏడాది శ్రమ వెల్లకిలా తేలిపోతోంది.

2016 అక్టోబరు 11న నల్గొండ నుంచి విడివడి ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లా ప్రధానంగా మెట్ట ప్రాంతం. మూసీని మినహాయిస్తే ఏడాది పొడవునా పారే నది లేదు. ఆలేరు వాగు వానలకే పరిమితం. చెరువులు నిండితే సంబరం, నిండకపోతే బోర్లే శరణ్యం. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత, ఉపాధి హామీలో తవ్విన నీటి కుంటలు, 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లోకి ఉచితంగా వదిలిన చేప పిల్లలు.. ఇవన్నీ కలిసి చేపల పెంపకంపై గ్రామీణుల్లో ఆసక్తిని పెంచాయి. చెరువు మత్స్యకారుల సొసైటీది, కుంట మాత్రం సొంతం అన్న ఆలోచనతో గుంట, రెండు గుంటల స్థలంలోనే కుంట తవ్వుతున్నవారు కనిపిస్తున్నారు. అయితే వీరిలో అనేకులు మొదట అడిగే ప్రశ్న 'ఏ చేప వేస్తే లాభం?' అన్నదే. ఆ ప్రశ్న రెండోది కావలసి ఉంది. మొదటి ప్రశ్న, కుంటలో నీరు ఎన్ని నెలలు నిలుస్తుందన్నది.

ముందు నీటి లెక్క

ఒక గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. అంత విస్తీర్ణంలో ఐదడుగుల లోతున, అంటే మీటరున్నర లోతున నీరు నింపితే దాదాపు లక్షన్నర లీటర్లు పడతాయి. గట్లు ఏటవాలుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. వేసవిలో ఈ ప్రాంతంలో ఎండకు రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందని అనుకున్నా, గుంట కుంట నుంచి రోజుకు 800 లీటర్లు గాలిలో కలిసిపోతాయి. మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు కలిపితే 70 సెంటీమీటర్లకు పైగా మట్టం పడిపోతుంది. కింద చుక్క ఇంకకపోయినా సగం కుంట ఖాళీ అన్నమాట.

ఇక ఇంకుడు మొదలైతే సంగతి వేరు. గుట్ట చుట్టుపక్కల నేలల్లో అధిక భాగం ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు. ఇవి నీటిని పట్టి ఉంచవు. రోజుకు ఒక్క సెంటీమీటరు ఇంకినా మూడు నెలల్లో 90 సెంటీమీటర్లు. ఆవిరయ్యేది, ఇంకేది కలిపితే మీటరున్నర దాటుతుంది. అంటే మార్చి ఒకటిన నిండుగా ఉన్న కుంటలో మే చివరికి ఏమీ మిగలదు. పాత సామెతలతో పని లేకుండా ఇది కూడిక లెక్కతోనే తేలుతుంది.

ఇంకుడు ఎంతో తెలుసుకోవడానికి ఇంజినీరు అవసరం లేదు. కుంట అంచున లోతు తక్కువగా ఉన్నచోట ఒక బక్కెట్టును సగం మునిగేలా నిలిపి, బయటి మట్టానికి సమానంగా బక్కెట్టులోనూ నీరు పోయాలి. వారం తర్వాత చూస్తే బక్కెట్టులో తగ్గింది ఆవిరి వల్ల. కుంటలో అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా నేలలోకి ఇంకినది. వాన పడని వారంలో ఈ పరీక్ష చేయాలి. పిల్లలు వదలడానికి ముందే చేస్తే డబ్బు మిగులుతుంది.

తేడా ఎక్కువగా ఉంటే మార్గాలు రెండు. చెరువు ఒండ్రు లేదా నల్ల రేగడి మట్టిని జానెడు మందాన అడుగున, గట్లకు పరిచి, నీళ్లు చల్లి బాగా తొక్కించడం మొదటిది. పశువులను కట్టి తొక్కించినా సరిపోతుంది. ఖర్చు తక్కువ, అడుగున మట్టి ఉంటుంది కనుక చేపలకు సహజమైన తిండి కూడా పుడుతుంది. రెండోది ప్లాస్టిక్ షీటు పరచడం. ఇంకుడు పూర్తిగా ఆగుతుంది గాని, రాళ్లు, వేళ్లు గుచ్చుకుంటే చిరుగుతుంది, పైగా దాని మీద కాలు నిలవదు. ఈ జారుడు గురించి చివర్లో మరింత చెప్పుకోవాలి.

సిమెంటు తొట్టి కట్టుకునే వారికి మరో జాగ్రత్త ఉంది. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతుంది. నీటి పీహెచ్ పది దాటుతుంది. అందులో వదిలిన చేప ఒక్కరోజు కూడా బతకడం కష్టం. నిండుగా నీరు నింపడం, నాలుగైదు రోజులు ఉంచి వదిలేయడం, మళ్లీ నింపడం.. ఇలా రెండు మూడు వారాలు చేయాలి. అరటి బోదెను ముక్కలు చేసి నీటిలో నానవేసే అలవాటు అనేకచోట్ల ఉంది. ముక్కలు కుళ్లిన తర్వాత ఆ నీటిని పారబోసి, తొట్టి కడిగి, ఆ తర్వాతే చేపల నీరు నింపాలి.

బోరు నీరు.. నల్లా నీరు

బోరు నుంచి అప్పుడే పైకి వచ్చిన నీరు స్వచ్ఛంగా, చల్లగా కనిపిస్తుంది. కాని అందులో చేపకు కావలసిన ప్రాణవాయువు దాదాపు ఉండదు. బొగ్గుపులుసు వాయువు మాత్రం ఎక్కువగా ఉంటుంది. పైపును నేరుగా కుంట అడుగుకు దించితే చేపలకు ఊపిరాడదు. పైపును ఎత్తులో ఉంచి, నీరు రాళ్ల మీదనో, చిల్లుల రేకు మీదనో పడి చిందేలా చేయాలి. ఆ చిందులోనే గాలి కలుస్తుంది. కొత్తగా నింపిన కుంటను వారం పది రోజులు ఎండకు వదిలి, నీరు లేత ఆకుపచ్చగా మారిన తర్వాతే పిల్లలను వదలాలి.

మిషన్ భగీరథ నల్లా నీరు పోసేవారు ఇంకా జాగ్రత్త పడాలి. తాగునీటిలో కలిపే క్లోరిన్ మనుషులకు మేలు చేసినంతగా చేపలకు కీడు చేస్తుంది. మొప్పలను కాల్చేస్తుంది. చిన్న తొట్లలో రంగు చేపలు పెంచేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నీటిని వెడల్పాటి పాత్రలోనో, మరో తొట్టిలోనో ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి పోస్తే క్లోరిన్ వదిలిపోతుంది. నీటిని మార్చినప్పుడు కూడా ఒకేసారి మొత్తం మార్చకుండా పావు వంతుకు మించకుండా మార్చడం మేలు. తాగునీటిని కుంటలకు మళ్లించడం సబబా అన్నది వేరే చర్చ. గుంట కుంటను నల్లా నీటితో నింపాలనుకోవడం మాత్రం న్యాయం కాదు.

నల్గొండ నేల అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న నీటిలో పెరిగిన చేపలు తినవచ్చా అన్న సందేహం కొందరిలో ఉంది. ఫ్లోరైడ్ ప్రధానంగా ఎముకల్లో చేరుతుంది, కండలో తక్కువ. కాబట్టి ముల్లు తీసి తినే పెద్ద చేపల కంటే ముల్లుతో సహా నమిలే చిన్న చేపల విషయంలోనే ఆలోచించాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది ప్రమాణం. బోరు నీటిని పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్‌తో పాటు ఉప్పదనం, కాఠిన్యం, పీహెచ్ కూడా తెలుస్తాయి. పీహెచ్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య ఉంటే చేపలకు అనువు. మూసీ కాల్వల నీరు పారే గ్రామాల్లో ఆ నీటిని నేరుగా చేపల కుంటకు మళ్లించకపోవడమే మంచిది. హైదరాబాద్ మురుగు, పరిశ్రమల వ్యర్థాలు అందులోనే కలుస్తాయి.

ఏ చేప.. ఎన్ని నెలలకు?

బొచ్చె, రవ్వ, మెరిగ. ఈ మూడూ మన చెరువుల్లో తరతరాలుగా తెలిసిన చేపలు. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ మధ్యన, మెరిగ అడుగున మేస్తాయి. ఒకే నీటిలో మూడు అంతస్తుల్లో కాపురం ఉన్నట్లు, ఒకదాని తిండికి మరొకటి పోటీ రాదు. అందుకే వీటిని కలిపి వేస్తారు. అయితే బొచ్చె కిలోకు పైగా పెరగాలంటే విశాలమైన, లోతైన నీరు కావాలి. గుంట కుంటలో అది ఇరుకున పడుతుంది. చిన్న కుంటలో రవ్వదే పైచేయి. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, సీఫా, ఎంపిక పద్ధతిలో అభివృద్ధి చేసి 1997లో విడుదల చేసిన 'జయంతి రోహు' రకం సాధారణ రవ్వ కంటే త్వరగా పెరుగుతుంది. దొరికితే దానికే ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

ఈ మూడు చేపలకూ నిలవ నీటిలో సంతానం కలగదు. పూర్వం వాన వరదల్లో నదుల నుంచి పిల్లలను పట్టి తెచ్చేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి హార్మోను సూదిమందుతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించిన తర్వాతే హేచరీలు సాధ్యమయ్యాయి. ఆ రోజునే ఏటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా పాటిస్తున్నారు. సామాన్య రైతుకు దీనిలోని అర్థం ఒకటే. ఈ చేపలను ఏటా కొనాల్సిందే. కుంటలో వాటంతట అవి పెరిగి పోవు.

బంగారు తీగ అలా కాదు. నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. మోటు చేప, త్వరగా పెరుగుతుంది, ఆరు నెలల్లో కూర చేప అవుతుంది. నీరు ఫిబ్రవరి వరకే నిలిచే కుంటకు ఇది సరిపోతుంది. దుర్గుణం ఒకటి ఉంది. అడుగు మట్టిని, గట్టును తవ్వుతుంది. ఒండ్రు పరిచి తొక్కించిన కుంటలో బంగారు తీగ సంఖ్య పెరిగితే ఆ ఒండ్రే లేచిపోయి నీరు ఇంకడం మొదలవుతుంది. మొత్తంలో నాలుగో వంతుకు మించకుండా వేయడం మేలు. గడ్డి చేప నాచును, గడ్డిని తింటుంది. కుంటకు ఐదారు ఉంటే చాలు. పెరటి తోటకూర, గడ్డి వేసినా తింటుంది.

ఇక కొర్రమీను. ఊళ్లలో కొర్రమట్ట అనే ఈ చేపను 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. రుచిలోనూ ధరలోనూ దీనికి సాటి లేదు. మృగశిర రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబీకులు పంచే చేప ప్రసాదంలోనూ దీని పిల్లలనే వాడతారు. మెట్ట ప్రాంతానికి కొర్రమీను అన్ని విధాలా తగినది. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. తల భాగంలో అందుకు ప్రత్యేకమైన అవయవం ఉంది. మే నెలలో రవ్వ తేలిపోయే నీటిలోనే కొర్రమీను నిలుస్తుంది. మృగశిర వరకు ఆగదలచినవారు నమ్ముకోదగిన చేప ఇదొక్కటే అన్నా తప్పులేదు.

కాని దీన్ని పెంచడం రవ్వను పెంచినంత తేలిక కాదు. ఇది వేటాడే చేప. తనకంటే చిన్నదాన్ని, తన జాతిదైనా సరే, మింగేస్తుంది. వంద పిల్లలు వదిలితే, మేత చాలకపోతే, పరిమాణాల్లో తేడా ఉంటే, మూడు నెలలకు ముప్పయి మిగలవచ్చు. ఒకే పరిమాణం ఉన్న పిల్లలనే వదలాలి. నెలకోసారి పెద్దవాటిని వేరు చేయాలి. వాన కురిసిన రాత్రి గట్టు దాటి పాకిపోతుంది, తొట్టి అంచు మీదుగా ఎగిరి పడుతుంది. చుట్టూ రెండు మూడు అడుగుల ఎత్తున వల కట్టడం తప్పనిసరి. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తేలే గుళికల మేతకు అలవాటు చేసిన పిల్లలే కొనాలి. ఆ అలవాటు లేనివి చిన్న చేపలనో, మాంసాన్నో కోరతాయి. కోళ్ల దుకాణాల వ్యర్థాలు వేసేవారు ఉన్నారు. నాలుగు రోజులకే నీరు కంపు కొడుతుంది, ఇరుగు పొరుగుతో తగాదా మొదలవుతుంది. మంచి మేత వేస్తే ఎనిమిది, పది నెలల్లో ముప్పావు కిలో నుంచి కిలో వరకు పెరుగుతుంది. కొర్రమీనును రవ్వ పిల్లలతో కలిపి వదలరాదని వేరుగా చెప్పనక్కర్లేదు.

ఇంటి ముందు తామర తొట్టిలో చూడముచ్చటగా చేపలు ఉంచదలచినవారి అవసరం వేరు. గోల్డ్‌ఫిష్, కోయి చేపలు అందుకు సరిపోతాయి. కోయి అంటే జపాన్‌లోని నీగాతా ప్రాంత రైతులు మన బంగారు తీగ జాతి నుంచే రంగుల కోసం పెంచి తీసిన చేప. కనుక దానికి కావలసింది గాజు పెట్టె కాదు, లోతున్న నీరు. దోమల నివారణకు గంబూజియా చేపలు వదలడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. మూసి ఉన్న తొట్లకు పరవాలేదు. చెరువుకు, వాగుకు దారి ఉన్న కుంటలో మాత్రం వదలరాదు. అది ఇతర చేపల గుడ్లను, పిల్లలను తినేస్తుంది. ప్రపంచంలోని వంద తీవ్రమైన ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది.

వద్దనుకోవాల్సినవి

సంతల్లో ప్రాణంతో అమ్ముతున్నారని, ఎంత మురికి నీటిలోనైనా బతుకుతుందని కొందరు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచుతున్నారు. దీని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. పట్టుబడితే చేపలను ధ్వంసం చేస్తారు, నష్టం పూర్తిగా పెంపకందారుదే. నిషేధానికి కారణం లేకపోలేదు. వరద నీటితో చెరువులోకి చేరితే అది కంటికి కనిపించిన ప్రతి చేపనూ తింటుంది. మన నాటు మార్పును చూసి దాన్ని అదే అనుకునేవారు ఉన్నారు. మార్పు చిన్నది, నెమ్మదిగా పెరుగుతుంది. కొద్ది నెలల్లోనే కిలోలకు కిలోలు తూగే 'మార్పు'ను ఎవరైనా చవకగా ఇస్తామంటే అనుమానించాల్సిందే.

1952లో దేశంలోకి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా, ఊళ్లలో జిలేబీ చేప అనేది, మరో రకం తలనొప్పి. రెండు మూడు నెలల వయసు నుంచే పిల్లలు పెడుతుంది. ఏడాది తిరిగేసరికి కుంట నిండా వేలెడంత చేపలే, కూరకు పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. మగ పిల్లలు మాత్రమే ఉండే మేలురకం తిలాపియాను అనుమతితో పెంచవచ్చు. రూప్‌చంద్ వేడికి తట్టుకుంటుంది, బాగా పెరుగుతుంది. అయితే దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జాతి కనుక అది కుంట దాటి వాగులోకి పోకుండా చూసుకోవాలి.

ఎన్ని వదలాలి?

ఇక్కడే అత్యాశ పని చేస్తుంది. గాలి మరలు, మోటార్లు లేని గుంట కుంటలో, మేత వేసి పెంచితే, 50 నుంచి 60 పిల్లలు చాలు. పిల్ల చవక కాబట్టి మూడు వందలు వేసినవారి కుంటలో అన్నీ జానెడు దాటవు, వేసవి రాగానే అన్నీ కలిసి పోతాయి. వేలెడు పొడవు, అంటే 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలనే కొనాలి. అంగుళం పిల్లలను వదిలితే తూనీగ పురుగులకు, కప్పలకు, నీరుకట్టు పాములకు మేత వేసినట్లే.

రాష్ట్రంలోకి చేప పిల్లలు చాలావరకు కైకలూరు ప్రాంతం నుంచి వస్తుంటాయి. దూర ప్రయాణంతో బడలిన పిల్లలను గుర్తించే పద్ధతి సులభం. వెడల్పాటి పళ్లెంలో కొన్ని పిల్లలను వేసి నీటిని చేత్తో సుడి తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవి సుడికి ఎదురు ఈదుతాయి. నీటితో పాటు కొట్టుకుపోయేవి ఎన్ని ఉన్నాయో చూసుకుని బేరం చేయాలి. ప్లాస్టిక్ సంచిని తెచ్చీ తేగానే విప్పి కుమ్మరించరాదు. పావుగంట, ఇరవై నిమిషాలు సంచిని కుంటలోనే తేలనిచ్చి, తర్వాత కుంట నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలిపి, పిల్లలు వాటంతటవే బయటికి వెళ్లేలా వంచాలి. వదలడానికి ముందు లీటరు నీటికి 20, 30 గ్రాముల కల్లుప్పు కలిపి ఒకటి రెండు నిమిషాలు ముంచి తీస్తే ఒంటికి పట్టిన పరాన్నజీవులు కొంత రాలిపోతాయి. ఇవన్నీ ఉదయం చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

మేత, నీటి రంగు

గుంట కుంటకు పిల్లలు వదలడానికి పది పదిహేను రోజుల ముందు 20, 30 కిలోల మాగిన పశువుల ఎరువు వేస్తే నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అదే రవ్వకు, బొచ్చెకు మొదటి తిండి. ఆ తర్వాత పల్లిచెక్క, తవుడు సమపాళ్లలో కలిపి వేస్తే సరిపోతుంది. కుంటలోని మొత్తం చేపల బరువులో రోజుకు రెండు మూడు శాతం చాలు. 50 చేపలు ఒక్కోటి 200 గ్రాములు ఉంటే మొత్తం పది కిలోలు, మేత 200 నుంచి 300 గ్రాములు. దోసిళ్లతో విసరడం కంటే చిల్లులు చేసిన సంచిలో పోసి, కర్రకు కట్టి నీటిలో వేలాడదీస్తే వృథా కాదు. సాయంత్రానికి సంచిలో మేత మిగిలి ఉంటే మర్నాడు తగ్గించాలి. పెళ్లి విందుల్లో మిగిలిన అన్నం, పప్పు కుంటలో కుమ్మరించే అలవాటు చేపలను చంపే అలవాటు.

నీటి రంగును మోచేత్తో పరీక్షించవచ్చు. చేయిని నిటారుగా మోచేతి వరకు నీటిలో ముంచితే అరచేయి మసకగా కనిపించాలి. స్పష్టంగా కనిపిస్తే నీటిలో తిండి లేదు, కొద్దిగా ఎరువు వేయవచ్చు. మణికట్టు కూడా కనిపించకపోతే పచ్చదనం మితిమీరింది, మేత, ఎరువు రెండూ ఆపాలి. చిక్కటి పచ్చ నీరు చూసి మురిసిపోయేవారు తెల్లవారుజామున ఒకసారి కుంట దగ్గరికి వెళ్లి చూడాలి. పగలు ప్రాణవాయువు ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. సూర్యోదయానికి ముందు నీటిలో గాలి అత్యల్పంగా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల తర్వాత మరీ తక్కువ. చేపలన్నీ నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తుంటే మేత ఆపి, వెంటనే మోటారు వేసి నీటిని చిందించాలి. కరెంటు లేకుంటే కర్రలతో నీటిని బాదినా, బిందెలతో ఎత్తి పోసినా కొంత ఊరట. ఆ గంట గడిస్తే ఎండతో పాటు ఊపిరీ వస్తుంది.

వేసవిలో కుంటపై మూడో వంతు మేర నీడ ఉండాలి. గట్టున సొర, బీర తీగలు నాటి పందిరిని నీటి మీదికి పాకిస్తే నీడా కూరా రెండూ దక్కుతాయి. వేప, చింత చెట్ల కింద కుంట తవ్వడం నీడ కోసమే అయినా మంచిది కాదు. రాలిన ఆకు అడుగున కుళ్లి ఉన్న కాస్త గాలినీ తినేస్తుంది. కొంగలు, నీటి కాకులు, లకుముకి పిట్టల నుంచి కాపాడుకోవడానికి కుంట మీదుగా అడ్డంగా తాళ్లు కడితే చాలావరకు తగ్గుతాయి.

పత్తి చేనుతో ప్రమాదం

మేత, నీరు అన్నీ సరిగా ఉన్నా ఒక్కరోజులో కుంట మొత్తం తెల్లబడటానికి ఈ జిల్లాలో మరో కారణం ఉంది. చుట్టూ పత్తి చేలు. పత్తిపై కొట్టే సైపర్‌మెత్రిన్ వంటి మందులు పశువులకు అంతగా హాని చేయకపోయినా చేపలకు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం. మందు కొట్టిన పంపును కుంటలో కడిగితే ఒక్క కడుగుతోనే పని అయిపోతుంది. మందు కొట్టిన తర్వాత పడే మొదటి వాన నీటిని కుంటలోకి రానీయకుండా ఎగువన చిన్న గట్టు, పక్కకు పోయే కాల్వ ఏర్పాటు చేయాలి. గాలివాటాన పొరుగు చేను మందు కూడా వచ్చి పడుతుంది కనుక ఆ రైతుతో ముందే మాట్లాడుకోవడం ఉత్తమం. ఇలా చనిపోయిన చేపలను పాతిపెట్టాలే గాని తినరాదు, అమ్మరాదు.

చలికాలంలో, ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఒంటిపై ఎర్ర మచ్చలు, పుండ్లు కనిపించే జబ్బు వస్తుంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై దేశమంతా పాకిన వ్యాధి ఇది. కొర్రమీను, మట్టగిడసలకు ముందుగా సోకుతుంది. చలి మొదలయ్యే ముందు గుంటకు రెండు మూడు కిలోల సున్నం నానబెట్టి చల్లడం ముందు జాగ్రత్త. బోరు నీటి పీహెచ్ అప్పటికే ఎనిమిదిన్నర దాటి ఉంటే మాత్రం సున్నం జోలికి పోరాదు. పుండ్లకు సీఫా రూపొందించిన 'సీఫాక్స్' మందు వాడుకలో ఉంది. మోతాదు మత్స్యశాఖ అధికారులను అడిగే వేయాలి.

మనుషుల ప్రాణం మాట

ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో పడినవారు పైకి రాలేరు. ఈత వచ్చిన పెద్దవారికీ కాలు నిలవదు. తెలుగు రాష్ట్రాల్లో నీటి కుంటల్లో పడి పిల్లలు మరణించిన వార్తలు ప్రతి వేసవిలో, ప్రతి వానాకాలంలో వస్తూనే ఉన్నాయి. పెరట్లో కుంట అంటే ఇంటి పిల్లలకు నాలుగడుగుల దూరంలో ఉన్న నీరు. చుట్టూ కంచె, దానికి గొళ్లెం ఉన్న తలుపు, నాలుగు వైపులా మేకులకు కట్టి నీటిలోకి వేలాడే ముడుల తాళ్లు, ఒక పాత టైరు ట్యూబు. చేప పిల్లలు కొనే ముందే ఇవి ఉండాలి. వీటికయ్యే ఖర్చు ఒక బస్తా మేత ఖర్చుకు మించదు.

ప్రభుత్వ సాయం

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి స్థాయి చేపల యూనిట్లకు కూడా చోటు కల్పించారు. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీ అందులోని నిబంధన. ఇటువంటి పథకాల నిధులు, గడువులు ఏడాదికేడాది మారుతుంటాయి కనుక భువనగిరిలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో విచారించిన తర్వాతే పని ప్రారంభించాలి. రాయితీ వస్తుందని ముందే అప్పు చేసి తవ్వడం వద్దు.

ఎప్పుడు పట్టాలి?

జులై, ఆగస్టుల్లో వదిలిన పిల్లలు సంక్రాంతి నాటికి అర కిలో దాటుతాయి. అప్పటి నుంచే వారానికి నాలుగైదు చొప్పున పెద్దవాటిని విసురు వలతో పట్టి ఇంటికి వాడుకోవచ్చు, ఇరుగు పొరుగుకు అమ్మవచ్చు. శివరాత్రి దాటేసరికి కుంటలో సగానికి మించి ఉండకూడదు. బక్కెట్టు పరీక్షలో ఇంకుడు ఎక్కువగా తేలిన కుంటలో ఏప్రిల్ మొదటి వారానికి అన్నీ పట్టేయాలి. మృగశిర ధర కిలోకు ఎంత పెరిగినా, నీరు లేక చచ్చిన చేపకు ధర లేదు. నీటి మట్టం మూడడుగుల కంటే తగ్గదని లెక్కలో తేలినవారు, లేదా రోజూ వెయ్యి లీటర్లు పోయగల బోరు ఉన్నవారు, గుంటకు 20, 25 చేపలను మాత్రం మృగశిర దాకా ఉంచుకోవచ్చు. పశువుల తొట్టికే బోరు సరిపోని ఇంట్లో ఆ ఆలోచన చేయకపోవడమే మంచిది.

చేపలు పట్టిన తర్వాత ఖాళీ అయిన కుంటను అలాగే ఎండబెట్టాలి. అడుగు నెర్రెలు విచ్చితే కుళ్లు వాయువులు పోతాయి, మిగిలిన జిలేబీ పిల్లలు, పురుగులు చస్తాయి. పైన పేరుకున్న నల్లటి బురదను నాలుగు వేళ్ల మందాన గీరి కూరగాయల మడికి చేరవేయవచ్చు. తొక్కించిన రేగడి పొరకు పార తగలకుండా గీరాలి.